వెదర్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో పని చేయట్లేదా? తీసేసి మళ్లీ ఎక్కించే ముందు ఇవి చూడండి

వెదర్ స్టేషన్ అంకెలు చదివి, దాచి, వెబ్ పేజీగా చూపించే వీవెక్స్ అనే ప్రోగ్రామ్ ఎక్కించారు, ఐదు నిమిషాలు ఆగితే పేజీ వచ్చింది, ఉష్ణోగ్రత గీత నున్నగా పైకి లేచి కిందికి దిగుతోంది, గాలి దిశ కూడా మారుతోంది. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నారు. తీరా చూస్తే బయట కుండపోతగా వాన కురుస్తోంది, పేజీలో ఆ వాన ఊసే లేదు. కంగారు పడకండి, మీ స్టేషన్ పాడవలేదు. మీరు చూస్తున్నవి అసలు మీ స్టేషన్ అంకెలే కావు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ (స్టేషన్‌తో మాట్లాడే భాగం) ఏదని అడిగిన చోట చదవకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోతే సిమ్యులేటర్ అనే డ్రైవర్ పడుతుంది, అది తనంతట తానే అంకెలు పుట్టించి చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ వరకు అంతా బాగుందో లేదో చూసుకోడానికి అది నిజంగా మంచి పద్ధతి, నేను ప్రతిసారీ ముందు దానితోనే మొదలుపెడతాను. అక్కడే ఆగిపోతేనే చిక్కు.

అసలు స్టేషన్‌కి మారాలంటే సర్వీస్ (వెనక నడుస్తూ ఉండే వీవెక్స్ ప్రోగ్రామ్) ఆపి, 'వీసీటీఎల్ స్టేషన్ రీకాన్ఫిగర్' కొట్టి మీ స్టేషన్‌కి తగిన డ్రైవర్ ఎంచుకోండి. ఆ తర్వాత చాలామంది మర్చిపోయే పని ఒకటుంది, అప్పటిదాకా పోగైన డేటాబేస్ ఫైలును తీసేయాలి. ఏప్ట్‌తో (డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్‌లలో ప్రోగ్రాములు ఎక్కించే కమాండ్) ఎక్కించినవాళ్లకు అది వార్ ఫోల్డర్‌లో లిబ్, అందులో వీవెక్స్ ఫోల్డర్‌లో 'వీవెక్స్.ఎస్‌డీబీ' అనే పేరుతో ఉంటుంది. తీసేయకపోతే ఆ కల్పిత ఉష్ణోగ్రతలు, కల్పిత వానలు మీ అసలు రికార్డుల్లో కలిసిపోయి ఈ సంవత్సరపు అత్యధికం, అత్యల్పం లెక్కలన్నీ తప్పుతాయి. ఏడాది తర్వాత వాటిని ఏరి తీయడం కంటే ఇప్పుడు ఒక్క ఫైలు చెరిపేయడం ఎంతో నయం.

(కమాండ్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టండి, వీవెక్స్ అంటే weewx, వీసీటీఎల్ అంటే weectl. పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే. చెబుతున్నవన్నీ 2024 జనవరిలో వచ్చిన 5వ వెర్షన్‌కీ, ఆ తర్వాతి వాటికీ సరిపోతాయి. పాత 4వ వెర్షన్‌లో 'వీసీటీఎల్' ఉండదు, ఒక్కో పనికి ఒక్కో కమాండ్ ఉండేది.)

నేను చూసినంతలో ఇన్‌స్టాల్ ఫెయిలైంది అని తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి ఇన్‌స్టాల్ బాగానే అయి ఉంటుంది. స్టేషన్‌లో పుట్టిన అంకె మీ పేజీలో కనపడాలంటే మధ్యలో తీగ లేదా నెట్‌వర్క్, డ్రైవర్, డేటాబేస్, రిపోర్టు, వెబ్ సర్వర్ అని ఇన్ని మజిలీలు దాటాలి. వాటిలో ఏదో ఒక చోట ఆగిపోతుంది, మనకు మాత్రం చివర్లో ఖాళీ పేజీ ఒక్కటే కనిపిస్తుంది. అప్పుడు అంతా తీసేసి మళ్లీ ఎక్కించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు, పైగా ఏప్ట్ రిమూవ్ కొడితే సెట్టింగుల ఫైలు ఎక్కడికీ పోదు, మళ్లీ ఎక్కించినప్పుడు అదే తప్పు సెట్టింగుతో అదే తప్పు మళ్లీ వస్తుంది. రోజంతా ఇదే తిరగలి తిప్పినవాళ్లు ఉన్నారు. ఎక్కడ ఆగిందో కనుక్కోండి, మిగతాది పది నిమిషాల పని.

ముందు లాగ్ చదవండి

'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ వీవెక్స్' కొడితే పచ్చ రంగులో యాక్టివ్ అని వస్తుంది. దాన్ని చూసి నమ్మేయకండి, ప్రోగ్రామ్ బతికి ఉందని మాత్రమే దాని అర్థం. స్టేషన్ దొరక్క నిమిషానికోసారి ప్రయత్నిస్తూ కూర్చున్నా అది యాక్టివ్ అనే చూపించొచ్చు.

అసలు సంగతి లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ రాసుకునే డైరీలో ఉంటుంది. అది తెలియాలంటే ఒక టెర్మినల్‌లో 'జర్నల్‌సీటీఎల్ -యూ వీవెక్స్ -ఎఫ్' తెరిచి పెట్టుకుని, ఇంకో టెర్మినల్‌లో సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. లాగ్ మొదటి వరుసల్లోనే ఏ వెర్షన్, ఏ పైథాన్, ఏ సెట్టింగుల ఫైలు చదువుతోందో రాస్తుంది. ఆ ఫైలు దారి ఒక్కటే జాగ్రత్తగా చూడండి, ఎందుకో కింద చెప్తాను. పాత గైడ్లలో వార్ లాగ్ ఫోల్డర్‌లో సిస్‌లాగ్ ఫైలు చూడమంటారు, డెబియన్ 12 నుంచి ఆ ఫైలు రాసే ఆర్‌సిస్‌లాగ్ మామూలుగా ఎక్కించరు, కాబట్టి ఆ ఫైలు లేదని కంగారు పడొద్దు, జర్నల్ చాలు.

పైథాన్ తప్పు వచ్చినప్పుడు ఇరవై ముప్పై వరుసలు ఒకేసారి పడతాయి. పైనుంచి చదవడం మొదలుపెడితే ఏమీ అర్థం కాదు. చివరి వరుసకు పోండి, అసలు తప్పు అక్కడుంటుంది. దాని పైనున్నదంతా ఆ తప్పు దగ్గరికి ప్రోగ్రామ్ ఏ దారిలో వచ్చిందో చెప్పే జాబితా.

ఇంకా తేటగా చూడాలంటే సర్వీస్ ఆపేసి ప్రోగ్రామ్‌ని చేత్తో నడపండి. 'సుడో -యూ వీవెక్స్ వీవెక్స్‌డీ', పక్కనే సెట్టింగుల ఫైలు దారి. అంటే ప్రోగ్రామ్‌ని వీవెక్స్ అనే యూజర్ పేరు మీద నడపమని. ఆ మధ్యలో ఉన్న '-యూ వీవెక్స్' వదిలేయకండి, వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, అదీ కింద చెప్తాను. అన్నీ బాగుంటే కొన్ని సెకన్లకో వరుస చొప్పున 'లూప్' అనే మాటతో అంకెలు పడుతూ ఉంటాయి. ఐదు నిమిషాలకోసారి 'రెక్' అనే మాటతో ఒక వరుస వస్తుంది. లూప్ అంటే స్టేషన్ ఇప్పుడు పంపుతున్నది, రెక్ అంటే డేటాబేస్‌లోకి వెళ్లే రికార్డు. ఈ రెండు మాటలే మీకు దిక్సూచి. లూప్ రాకపోతే తప్పు స్టేషన్ వైపు, అంటే తీగలోనో పర్మిషన్‌లోనో డ్రైవర్‌లోనో ఉంది. లూప్ వస్తూ రెక్ రాకపోతే గడియారం వైపు చూడండి, రెక్ వచ్చాక ఎర్రర్ పడితే డేటాబేస్ వైపు. రెండూ చక్కగా వస్తూ పేజీ మారకపోతే రిపోర్టు లేదా వెబ్ సర్వర్. సగం వెతుకులాట ఇక్కడే అయిపోతుంది.

రెక్ మామూలుగా 300 సెకన్లకోసారి వస్తుంది, పేజీ తయారయ్యేది ఆ తర్వాతే. స్టార్ట్ చేసిన రెండో నిమిషంలోనే పేజీ లేదని ఇంకేదో మార్చడం మొదలుపెట్టకండి. ఆ తొందరలో బాగున్నదాన్ని చెడగొట్టుకుంటాం.

రెండు రకాల ఇన్‌స్టాల్, కలపకండి

ఏప్ట్‌తో ఎక్కిస్తే సెట్టింగులు ఈటీసీ కింద వీవెక్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. పిప్‌తో (పైథాన్ ప్రోగ్రాములు ఎక్కించే కమాండ్) ఎక్కిస్తే మీ హోమ్ ఫోల్డర్‌లో 'వీవెక్స్-డేటా' అనే ఫోల్డర్‌లో ఉంటాయి, డేటాబేసూ పేజీలూ కూడా అక్కడే. రెండూ మంచి పద్ధతులే. కానీ ఏప్ట్ మొరాయించిందని పిప్‌తో ఎక్కించి, అదీ కుదరక మళ్లీ ఏప్ట్‌కి వస్తే మీ దగ్గర ఇప్పుడు రెండు వీవెక్స్‌లు, రెండు సెట్టింగుల ఫైళ్లు ఉన్నట్టు. మీరు ఒకటి దిద్దుతూ ఉంటారు, నడిచేది రెండోది. ఎన్నిసార్లు మార్చినా ఏ మార్పూ కనపడట్లేదు అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. లాగ్ మొదట్లో ఫైలు దారి చూడమన్నది అందుకే.

అదనపు డ్రైవర్లదీ ఇదే తంతు. వీవెక్స్‌తో పాటు వచ్చే డ్రైవర్ పేరు 'వీవెక్స్.డ్రైవర్స్' అని మొదలవుతుంది, మీరు విడిగా 'వీసీటీఎల్ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్'తో ఎక్కించినది 'యూజర్' అని మొదలవుతుంది. ఒక వీవెక్స్‌లోకి డ్రైవర్ ఎక్కించి ఇంకో వీవెక్స్‌ని నడిపితే అలాంటి మాడ్యూల్ లేదు అని ఎర్రర్ వస్తుంది, మీరేమో ఇప్పుడే ఎక్కించాను కదా అని జుట్టు పీక్కుంటారు.

పిప్ దారిలో ఎక్కువమందికి తగిలేది 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అనే ఎర్రర్. డెబియన్ 12, ఉబుంటు 24.04 లాంటి వాటిలో సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ఏదీ ఎక్కించనివ్వరు. దీనికి 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్ పెట్టమని సలహాలు కనిపిస్తాయి. వద్దు. ఆ పేరులోనే చెప్తున్నారు సిస్టమ్ విరుగుతుందని. 'పైథాన్3 -ఎమ్ వెన్వ్'తో విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ చేసుకుని, దాన్ని యాక్టివేట్ చేసి, అందులో పిప్‌తో వీవెక్స్ ఎక్కించండి, తర్వాత 'వీసీటీఎల్ స్టేషన్ క్రియేట్' కొట్టండి. మర్నాడు కొత్త టెర్మినల్ తెరిచి వీసీటీఎల్ కొడితే కమాండ్ లేదంటుంది. మాయమవలేదు, వెన్వ్‌ని మళ్లీ యాక్టివేట్ చేయాలి, అంతే. డ్రైవర్‌కి కావలసిన పైసీరియల్, పైయూఎస్‌బీ లాంటివి కూడా ఆ వెన్వ్ లోపలే ఎక్కించాలి, బయట ఏప్ట్‌తో ఎక్కించినవి దానికి మామూలుగా కనపడవు. ఏప్ట్ వీవెక్స్‌కి సరిగ్గా తిరగేసి, దానికి కావలసినవి ఏప్ట్‌తోనే ఎక్కించాలి.

ఏప్ట్ దారిలో వచ్చేది పబ్లిక్ కీ లేదనే ఎర్రర్. రిపోజిటరీ చిరునామా కలిపారు గానీ దాని తాళంచెవి లాంటి కీ ఫైలు కలపలేదు, లేదా పాత పద్ధతిలో ఏప్ట్-కీ కమాండ్‌తో కలపబోయారు, దాన్ని ఇప్పుడు వాడట్లేదు. వీవెక్స్ సైట్‌లో ఇచ్చిన ప్రస్తుత వరుసలను ఉన్నవున్నట్టు కాపీ చేయండి, ఎవరో ఎప్పుడో రాసిన పాత గైడ్ నుంచి కాదు.

పాత డ్రైవర్ ఎక్కించాక 'ప్రింట్' దగ్గర బ్రాకెట్లు లేవని సింటాక్స్ ఎర్రర్ వస్తే అది పైథాన్ 2 కాలం నాటి డ్రైవర్. 5వ వెర్షన్ పైథాన్ 3తోనే నడుస్తుంది. ఆ ఫైలును చేత్తో దిద్దడం కన్నా అదే డ్రైవర్‌కి కొత్త కాపీ వెతకండి.

స్టేషన్ కంప్యూటర్‌కి కనపడుతోందా

లూప్ రావట్లేదు అనుకుందాం. వీవెక్స్‌ని కాసేపు మర్చిపోండి, ముందు లైనక్స్‌కి స్టేషన్ కనపడాలి. తీగ పీకేసి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కొట్టండి, మళ్లీ తీగ పెట్టి కొట్టండి. రెండోసారి ఒక కొత్త వరుస రావాలి. ఉదాహరణకి ఫైన్ ఆఫ్‌సెట్ అనే కంపెనీ వాళ్ల యూఎస్‌బీ కన్సోల్ (ఇంట్లో పెట్టుకునే స్టేషన్ తెర) అయితే 1941:8021 అనే ఐడీ కనిపిస్తుంది. వరుస రాకపోతే సాఫ్ట్‌వేర్‌తో పోరాడి లాభం లేదు. తీగ మార్చి చూడండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన కొన్ని తీగల్లో కరెంటు వైర్లే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు. కన్సోల్ దీపం వెలుగుతుంది కాబట్టి తీగ మంచిదే అనుకుంటాం, గంటలు పోతాయి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడుతుంటే, లైనక్స్ తన లోపలి సందేశాలు చూపించే 'డీమెసేజ్' (dmesg) కమాండ్‌లో అండర్ వోల్టేజ్ అనే మాట కోసం కూడా చూడండి. అడాప్టర్ బలం చాలకపోతే యూఎస్‌బీలో ఉన్నవి ఉన్నట్టుండి ఊడిపోయి మళ్లీ కలుస్తుంటాయి. అది డ్రైవర్ తప్పులాగే కనపడుతుంది.

ఐడీ కనపడింది, అయినా లూప్ లేదు. లాగ్ చివర్లో ఏముంది? 'యాక్సెస్ డినైడ్' లేదా 'పర్మిషన్ డినైడ్' అంటే స్టేషన్ ఉంది, ముట్టుకునే హక్కు లేదు. 5వ వెర్షన్ నుంచి ఏప్ట్‌తో కొత్తగా ఎక్కిస్తే రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్) కాకుండా వీవెక్స్ అనే సొంత యూజర్‌గా నడుస్తుంది, కాబట్టి ముందు చూడాల్సింది ఇదే. సీరియల్ పోర్టు అయితే 'ఎల్ఎస్ -ఎల్' పెట్టి ఆ పోర్టు ఫైలును చూడండి, యజమాని రూట్, గ్రూపు డయల్‌అవుట్ అని ఉంటుంది. వీవెక్స్ యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చండి, 'సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయల్‌అవుట్ వీవెక్స్'. ఇందులో 'జీ' పెద్ద అక్షరం. ఆ చిన్న 'ఏ' అక్షరం చాలా ముఖ్యం. అది లేకుండా మీ సొంత యూజర్ పేరుతో కొడితే ఉన్న గ్రూపులన్నీ పోయి ఈ ఒక్కటే మిగులుతుంది, సుడో హక్కు కూడా పోవచ్చు. చేర్చాక సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి. మీ సొంత యూజర్‌ని చేర్చుకుంటే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, అప్పటిదాకా పాత గ్రూపులే చెల్లుతాయి.

సీరియల్ కాకుండా నేరుగా యూఎస్‌బీగా మాట్లాడే స్టేషన్లకు గ్రూపు సరిపోదు, యూడెవ్ రూల్ (ఏ పరికరాన్ని ఎవరు ముట్టుకోవచ్చో లైనక్స్‌కి చెప్పే చిన్న ఫైలు) ఉండాలి. రూల్ పెట్టాక 'యూడెవ్ఏడీఎమ్ కంట్రోల్'తో రూల్స్ రీలోడ్ చేసి, తీగ పీకి మళ్లీ పెట్టండి. పీకకుండా కూర్చుంటే కొత్త రూల్ ఆ పరికరానికి వర్తించదు. ఈ ఒక్క అడుగు మర్చిపోయి రూల్ రాయడమే తప్పనుకుని పదిసార్లు తిరగరాస్తారు.

'పరికరం చదవడానికి సిద్ధమంది, కానీ డేటా ఏమీ ఇవ్వలేదు, ఒకే పోర్టును ఇద్దరు వాడుతున్నారా' అన్న అర్థం వచ్చే పొడుగాటి ఎర్రర్ ఇంగ్లిష్‌లో పడితే, అందులో ఉన్న అనుమానం నూటికి తొంభై పాళ్లు నిజం. చేత్తో నడిపి చూసేటప్పుడు సర్వీస్ ఆపడం మర్చిపోయి ఉంటారు. 'పీగ్రెప్ -ఏఎఫ్ వీవెక్స్‌డీ' కొట్టి ఎన్ని నడుస్తున్నాయో చూడండి. ఒక్కటే నడుస్తుంటే వేరే ఎవరో పోర్టు పట్టుకున్నారు. డెస్క్‌టాప్ లైనక్స్‌లో మోడెమ్‌మేనేజర్ అనేది కొత్త సీరియల్ పోర్టు కనపడగానే అది మోడెమేమో అని పలకరిస్తుంది. ఉబుంటు 22.04లో ఇంకో విచిత్రం జరిగేది. చూపు లేనివాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్, సీహెచ్340 చిప్ ఉన్న మామూలు సీరియల్ తీగను బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని లాగేసుకునేది. డీమెసేజ్‌లో పోర్టు ఇలా వచ్చి అలా పోయినట్టు ఉండి, పక్కనే ఆ ప్రోగ్రామ్ పేరు కనపడితే అదే కారణం. ఆ కంప్యూటర్ మీద బ్రెయిలీ వాడేవాళ్లు ఎవరూ లేరని ఖాయం చేసుకున్నాకే దాన్ని తీసేయండి.

ఇంకో ముఖ్యమైన మాట, పోర్టు పేరు స్థిరం కాదు. 'టీటీవైయూఎస్‌బీ0' అని (ఇందులో యూఎస్‌బీ పెద్ద అక్షరాలు) సెట్టింగుల్లో రాసుకుంటారు, ఒకరోజు రీబూట్ తర్వాత అది 'టీటీవైయూఎస్‌బీ1' అయి కూర్చుంటుంది. డెవ్ ఫోల్డర్‌లో సీరియల్, అందులో 'బై-ఐడీ' అనే ఫోల్డర్‌లో అదే పోర్టుకి మారని పొడవాటి పేరు ఉంటుంది, దాన్నే సెట్టింగుల్లో పెట్టండి. చూడ్డానికి అందంగా ఉండదు గానీ ఏడాది తర్వాత కూడా పని చేస్తుంది.

నెట్‌వర్క్ స్టేషన్ అయితే ఈ గొడవంతా ఉండదు. ఎక్కువగా వచ్చే చిక్కు, రౌటర్ ఆ గేట్‌వేకి (స్టేషన్ అంకెలను నెట్‌వర్క్‌లోకి పంపే పెట్టె) ఇచ్చిన ఐపీ అడ్రస్ మారిపోవడం. రౌటర్‌లో దానికి ఒకే అడ్రస్ రిజర్వ్ చేసి పెట్టండి.

గడియారం

లూప్ వస్తోంది, రెక్ రావట్లేదు, లేదా లాగ్‌లో సరైన టైమ్ కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక వరుస పదేపదే వస్తోంది. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు బోర్డులో సొంత గడియారం లేదు, కరెంటు పోయి వస్తే నెట్ నుంచి టైమ్ అందేదాకా దానికి ఇప్పుడు ఎంతైందో తెలియదు. అందుకే వీవెక్స్ టైమ్ నమ్మదగ్గట్టు అయ్యేదాకా ఆగుతుంది. ఆ ఆగడం మన మంచికే. 'టైమ్‌డేట్‌సీటీఎల్' కొట్టి సింక్ అయిందో లేదో, టైమ్‌జోన్ సరిగ్గా ఉందో చూడండి.

తప్పు టైమ్‌తో రికార్డు రాస్తే జరిగే నష్టం చిన్నది కాదు. ఒక్క రికార్డు భవిష్యత్తు తేదీతో పడిందనుకోండి, స్టేషన్ మెమరీ నుంచి పాత రికార్డులు తెచ్చుకునే డ్రైవర్లు 'ఈ తేదీ తర్వాతవి ఇవ్వు' అని అడుగుతాయి, స్టేషన్ దగ్గర అలాంటివి ఉండవు కాబట్టి ఏమీ రాదు. అన్నీ బాగున్నట్టే ఉంటుంది, కొత్త రికార్డు మాత్రం రాదు. టైమ్ వెనక్కి జరిగితే ఇంకోలా ఉంటుంది, అదే సమయానికి ఇప్పటికే రికార్డు ఉందని 'యునీక్ కన్‌స్ట్రెయింట్' ఎర్రర్ పడుతుంది. డేటాబేస్‌లో అన్నిటికన్నా పెద్ద టైమ్ ఏదో, ఆ ఫైలును తెరిచి చూసే 'ఎస్‌క్యూలైట్3' కమాండ్‌తో చూసి, అది రేపటిదో వచ్చే నెలదో అయితే, ఫైలుకి ఒక కాపీ తీసుకుని, ఆ ఒక్క రికార్డునీ తొలగించి, ఆ రోజు సారాంశాలను 'వీసీటీఎల్ డేటాబేస్' కమాండ్‌తో మళ్లీ కట్టించుకోవాలి. కన్సోల్ గడియారం కూడా ఒకసారి చూడండి, కంప్యూటర్ టైమ్ సరిగ్గా ఉన్నా కన్సోల్‌లో నిరుటి తేదీ ఉన్న సందర్భాలు ఉంటాయి.

ఈ అన్వేషణలో రోజులు గడిచిపోతున్నాయే, డేటా అంతా పోతోందే అని టెన్షన్ పడకండి. లాగర్ (రికార్డులు దాచుకునే భాగం) ఉన్న డేవిస్ వాంటేజ్ లాంటి స్టేషన్లలో 2,560 రికార్డులు దాచుకునే చోటుంది, ఐదు నిమిషాలకోటి చొప్పున దాదాపు తొమ్మిది రోజులు. మీరు బాగుచేసిన వెంటనే అవన్నీ వరుసగా లోపలికి వస్తాయి. అందుకే 'మెమరీ క్లియర్ చేసి చూడు' అన్న సలహాను నేను ఆఖరి మందుగా మాత్రమే తీసుకుంటాను, క్లియర్ చేస్తే ఆ తొమ్మిది రోజులూ మళ్లీ రావు.

ఒక్క సుడో

ఇది నాకు జరిగింది. అర్ధరాత్రి ఏదో సెట్టింగ్ మార్చి, పని చేస్తోందో లేదో చూద్దామని సర్వీస్ ఆపి, తొందరలో 'సుడో వీవెక్స్‌డీ' అని కొట్టాను. బ్రహ్మాండంగా నడిచింది, లూప్ వచ్చింది, రెక్ వచ్చింది. సంతోషంగా ఆపేసి, సర్వీస్ స్టార్ట్ చేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే పేజీ రాత్రి టైమ్ దగ్గరే నిలిచిపోయి ఉంది. లాగ్ నిండా 'రీడ్ ఓన్లీ డేటాబేస్‌లో రాయబోయారు' అనే వరుసే. కొత్తగా మొదలుపెట్టిన స్టేషన్ అది, పాత డేటాబేస్ తీసేసి ఉన్నాను కాబట్టి రాత్రి రూట్‌గా నడిచినప్పుడు డేటాబేస్ ఫైలు కొత్తగా పుట్టింది, రూట్ పేరు మీద. పొద్దున సర్వీస్ నడిచేది వీవెక్స్ యూజర్‌గా. చదవగలదు, రాయలేదు.

ఫైలు యజమానిని మార్చాను. అయినా కుదరలేదు, అక్కడ ఇంకో గంట పోయింది. ఎస్‌క్యూలైట్ రాసేటప్పుడు డేటాబేస్ పక్కనే ఒక తాత్కాలిక జర్నల్ ఫైలు పుట్టించి, రాయడం అయ్యాక తీసేస్తుంది. అంటే ఆ ఫైలు మీదే కాదు, అది ఉన్న ఫోల్డర్ మీద కూడా రాసే హక్కు కావాలి. నా ఫోల్డర్‌నీ ఆ రాత్రి చేత్తో నేనే కొత్తగా చేసి ఉన్నాను, అదీ రూట్ పేరు మీదే. 'సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ వీవెక్స్:వీవెక్స్' అని ('ఆర్' పెద్ద అక్షరం) ఫోల్డర్ మొత్తానికి కొట్టాక ఆ ఐదు నిమిషాల్లోనే మొదటి రెక్ వచ్చింది. ఆ స్టేషన్‌కి లాగర్ లేదు. ఆ రాత్రి ఏడు గంటల వాన లెక్క నా రికార్డుల్లో ఇప్పటికీ ఖాళీగానే ఉంది, గ్రాఫులో ఆ ఖాళీ చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే మీకు ఇంత వివరంగా చెప్తున్నాను.

రెక్ వస్తోంది, పేజీ రావట్లేదు

ఐదు నిమిషాలు ఆగలేకపోతే 'వీసీటీఎల్ రిపోర్ట్ రన్' కొడితే అప్పటికప్పుడు పేజీలు తయారవుతాయి, దీన్ని కూడా వీవెక్స్ యూజర్‌గానే కొట్టండి, లేకపోతే పైన చెప్పిన కథే పేజీల ఫోల్డర్‌లో మళ్లీ జరుగుతుంది. ఫైళ్లు తయారవుతున్నాయా లేదా అన్నది ముందు చూడాలి, బ్రౌజర్ తర్వాత. ఏప్ట్‌తో ఎక్కించినవాళ్లకు అవి వార్ కింద 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ', అందులో హెచ్‌టీఎమ్ఎల్, అందులో వీవెక్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైళ్లు తాజాగా ఉన్నాయి, బ్రౌజర్‌లో మాత్రం లేవు అంటే తప్పు వెబ్ సర్వర్‌ది, అంటే ఎన్‌జిన్ఎక్స్‌దో అపాచీదో, వీవెక్స్‌ది కాదు. అసలు వెబ్ సర్వరే ఎక్కించని వాళ్లూ ఉంటారు, వీవెక్స్ పేజీలు రాసి పెడుతుంది అంతే, వాటిని వడ్డించేది వేరే ప్రోగ్రామ్.

పిప్ వాళ్లకు బ్రౌజర్‌లో 403 (చూసే అనుమతి లేదు) అనే ఎర్రర్ వస్తే హోమ్ ఫోల్డర్ పర్మిషన్ చూడండి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లు 750తో వస్తున్నాయి, అంటే వెబ్ సర్వర్ మీ హోమ్‌లోకి అడుగే పెట్టలేదు, లోపలి ఫోల్డర్‌కి ఎన్ని హక్కులు ఇచ్చినా లాభం లేదు. హోమ్ తలుపు తెరవడం కన్నా పేజీలు రాసే చోటునే వెబ్ సర్వర్ ఫోల్డర్‌కి మార్చి, దాని మీద రాసే హక్కు మీ యూజర్‌కి ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

అంకెలు వస్తున్నాయి, కానీ తప్పు అంకెలు

సెట్టింగుల ఫైలులో ఎత్తు రాసే చోట అంకె, కామా, యూనిట్ ఉంటాయి. అక్కడ మీటరు బదులు ఫుట్ ఉండిపోవడం చాలా మామూలు. మీరు 100 మీటర్ల ఎత్తులో ఉండి, 100 అని రాసి, పక్కన ఫుట్ అలాగే వదిలేశారనుకోండి, సాఫ్ట్‌వేర్ మీరు 30 మీటర్ల ఎత్తులో ఉన్నారనుకుంటుంది. సముద్ర మట్టానికి దగ్గర్లో ఎనిమిది మీటర్లకు సుమారు ఒక హెక్టోపాస్కల్ తేడా వస్తుంది, కాబట్టి సాఫ్ట్‌వేరే పీడనం లెక్కగట్టే స్టేషన్లలో మీ పీడనం ఎనిమిది తొమ్మిది హెక్టోపాస్కల్స్ తక్కువ చూపిస్తుంది. సెన్సర్ పాడైందనుకుని కొత్తది కొనేస్తారు పాపం.

స్టేషన్ పేరు రాసే చోట మధ్యలో కామా ఉంటే మొత్తాన్ని కోట్స్‌లో పెట్టండి, లేదంటే దాన్ని రెండు ముక్కల జాబితాగా చదువుతుంది. ఈ ఫైలులో ఎడమ పక్క ఖాళీలకు విలువ లేదు, చదరపు బ్రాకెట్లు ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. రెండు ఉండాల్సిన చోట ఒకటి చెరిగిపోతే ఆ కింద ఉన్నదంతా వేరే విభాగంలోకి పోతుంది.

యూనిట్ల గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను. డేటాబేస్‌లో దాచే యూనిట్లు వేరు, పేజీలో చూపించే యూనిట్లు వేరు. సెల్సియస్‌లో కనపడాలని డేటాబేస్ 'టార్గెట్ యూనిట్'ని మార్చకండి. రికార్డులు మొదలయ్యాక అది మార్చాలంటే డేటాబేస్ మొత్తాన్ని కన్వర్ట్ చేయాలి. రిపోర్టుల విభాగంలో యూనిట్ సిస్టమ్‌ని మెట్రిక్ అని మారిస్తే చాలు, లోపల ఫారన్‌హీట్‌లో ఉన్నా పేజీలో సెల్సియస్ వస్తుంది.

అంతా నడిచాక ఒక పరీక్ష మిగిలి ఉంటుంది, దాన్ని వాయిదా వేయకండి. కంప్యూటర్‌ని 'సుడో రీబూట్'తో రీబూట్ చేసి, ఏమీ ముట్టుకోకుండా పది నిమిషాలు ఆగండి. తర్వాత లాగిన్ అయి లాగ్ చూడండి. టైమ్ కోసం ఆగిందా, ఆగాక తనంతట తానే మొదలైందా, పోర్టు పేరు మారినా స్టేషన్ దొరికిందా, రెక్ వచ్చిందా, పేజీ కింద ఉన్న టైమ్ ఇప్పటిదేనా? సర్వీస్ అసలు లేవకపోతే 'సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ వీవెక్స్' కొట్టి మళ్లీ రీబూట్ చేయండి. ఇది దాటాక సర్వీస్ ఒకసారి ఆపి, డేటాబేస్ ఫైలుకీ సెట్టింగుల ఫైలుకీ వేరే కంప్యూటర్‌లో ఒక కాపీ పెట్టుకుని, సర్వీస్ మళ్లీ స్టార్ట్ చేయండి.